కరపత్రంలో నా ఫొటో తొలగించుట గురించి

పటాన్‌చెరు,
సోమవారం.

విశ్వవిద్యాలయ ప్రవేశాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జంతుశాస్త్ర కోర్సు ప్రచార కరపత్రంలోని నా ఫొటో తొలగించుట, మరియు హరిచందన అను విద్యార్థినికి శుక్రవారం లోపల నిజం తెలియజేయుట గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, నేను తమ వద్దనే జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేసి, పందొమ్మిది సంవత్సరాలుగా కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీ ఏనిమల్ హౌస్‌లో పనిచేయుచున్నాను.

1. సదరు కరపత్రంలో "జంతుశాస్త్రం చదివితే ఎన్నో దారులు" అను శీర్షిక కింద పాడి పరిశ్రమ, కోళ్ల పెంపకం, జూ పార్కు, పరిశోధన అని నాలుగు దారులు చూపి, నాలుగవ దానికి నా ఫొటో వేసినారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనం నాడు తమ ఫొటోగ్రాఫరు ఒక తెల్ల కుందేలును నా చేతికిచ్చి "జెర నవ్వుండ్రి మేడం" అన్నాడు. నవ్వినాను. ఆ నవ్వు అబద్ధమని చెప్పలేను. కుందేళ్లంటే నాకు ఇష్టమే.

2. నా పని వివరము: మందు మనుషులకు చేరక ముందు మా దగ్గర కుందేళ్లకు ఇచ్చి చూస్తాము. వాటి మేత, నీళ్లు, బరువు, జ్వరం అన్నీ నేనే చూసుకొంటాను. పరీక్ష ముగిసిన రోజున మత్తు సూది ఇచ్చి, అవి మళ్లీ లేవకుండా చేసేదీ నేనే. ఇదంతా నియమాల ప్రకారమే జరుగును, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. మా అమ్మ వేసుకొనే బీపీ గోళీ కూడా ఇలాంటి గది దాటే వచ్చి ఉంటుంది. కనుక ఈ పని తప్పని రాయలేను. ఒప్పని రాయడానికి చెయ్యి రావడం లేదు. కరపత్రంలో మాత్రం ఈ సంగతి లేదు.

3. మా కంపెనీ ప్యాకింగులో పనిచేసే వెంకటేశం గారిది కొండాపూర్ మండలం. వారి కూతురు హరిచందనకు సంగారెడ్డిలో నర్సింగ్ సీటు, తమ వద్ద ఈ కోర్సులో సీటు రెండూ వచ్చినవి. శుక్రవారం లోపల ఒకటి వదులుకోవలెను. సదరు వెంకటేశం గారు క్యాంటీన్‌లో నాతో అన్న మాటలు యథాతథముగా:

"మా చందన మీ ఫొటో అద్దానికి అంటువెట్టింది మేడం. తల దువ్వుకుందామని పోతే నా మొఖం కనవడ్తలేదు, మీదే కనవడ్తున్నది."

ఆయన భార్య కౌసల్యమ్మకు ఈ చదువు ఇష్టం లేదట. "పెండ తీసుడు మా ఇంట్ల నేర్పకపోతిమా? దానికి మూడేండ్ల సదువెందుకు?" అన్నదట. నేను తల్లి పక్షమో, పిల్ల పక్షమో నాకే తెలియకున్నది.

4. నిన్న ఆదివారం ఆ పిల్ల మా కిరాయి ఇంటికి వచ్చింది. కుందేళ్ల గురించే అన్ని ప్రశ్నలూ.

"పెద్దగైనంక వాటిని ఏం జేస్తరక్కా?"

"వేరే గదికి పంపుతం" అన్నాను.

"ఇంకా పెద్ద గదా?" అన్నది సంబురంగా.

చాయ్ పెట్టే సాకుతో వంటింట్లోకి పోయినాను. తిరిగి వచ్చేసరికి మాట హాస్టల్ మీదికి మళ్లింది. మళ్లనిచ్చినాను.

5. ఆ వయసులో నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఈ చదువు మానేదాన్నా? ఏమో. చెప్పలేదన్న కోపం మాత్రం ఇన్నేళ్లుగా ఉన్నది. ఇప్పుడు చెప్పే వంతు నాకే వచ్చింది, నోరు పెగలడం లేదు. అందుకే ఈ భారం తమ మీద వేస్తున్నాను. ఇది న్యాయం కాదని తెలుసు.

కావున తమరు దయతో నా ఫొటో తీసేయించి, బాధ్యత గల ఒక అధ్యాపకుని చేత ఆ పిల్లకు ఫోను చేయించి, ఆ వేరే గదిలో జరిగేది చెప్పించగలరు. ఇంతకు మించి చెప్పుకొనే తోవ తెలియక రాసుకొంటిని, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సునంద

తా.క. (బుధవారం): దీన్ని పోస్టు చేసే లోపలే నిన్న సాయంత్రం హరిచందన మిఠాయి డబ్బాతో మా కంపెనీ గేటు దగ్గరికి వచ్చింది. నర్సింగ్ సీటు వాపస్ ఇచ్చేసిందట. ఇచ్చింది మళ్లీ రాదట. అక్కడే, షిఫ్టు బస్సుల మధ్య నిలబడి, అంతా చెప్పేసినాను. చాలాసేపు డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉన్నది.

"మీరు పందొమ్మిదేండ్ల సంది చేస్తున్నరు గదక్కా," అన్నది చివరికి. "అంత కాని పనే అయితే ఎప్పుడో ఇడిచిపెడుతుంటిరి."

నేనే చెప్పేసినందున ఇక ఫోను అక్కరలేదు. ఫొటో సంగతి తమ ఇష్టం, తీసినా తీయకపోయినా ఆ పిల్లకు ఇప్పుడు ఒకటే. ఒక్కటి మాత్రం చేయండి సార్. ఆ పిల్ల మొదటిసారి ఆ మత్తు సూది పట్టుకొనే రోజున పక్కన ఎవరినైనా నిలబెట్టండి. నా పక్కన ఎవరూ లేకుండిరి.