వెనక తలుపుకి గడియ పడటం లేదు

ఏవండీ, రాగానే చొక్కా కూడా మార్చకుండా ముందు వెనక తలుపు సంగతి చూడండి. కెమెరా వైరు కనపడకూడదని పొద్దున మీరు దాన్ని తలుపు చట్రం వెంబడి లోపలికి తెచ్చి, పైన తెల్ల పట్టీ అంటించి వెళ్లారు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ పట్టీ అడ్డమొచ్చి తలుపు మూసుకోవడం లేదు, గడియ పడటం లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. దొంగల్ని పట్టడానికి కెమెరా పెట్టి, వాళ్లకి తలుపు మీరే తీసిపెట్టారు!

పైగా ఇందాక ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూసి, "వెనక తలుపు అలా బార్లా తీసిపెట్టావేంటి? ఇంటి మీద ధ్యాస ఉందా?" అని నన్నే కేకలేశారు. నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేశారు. మంచినీళ్లకని ఒక్క నిమిషం లేచాను గానీ, అప్పటిదాకా ఆ తలుపుకి వీపు ఆనించి కాపలా కూర్చున్నదాన్ని నేను!

నాకు డ్యూటీ టైమైంది. తలుపుని మీ కొత్త బెల్టుతో కిటికీ ఊచకి కట్టి వెళ్తున్నాను. ఆ పట్టీ పీకేసి, పాత టీవీ కేబుల్ కోసం కొట్టించిన కంతలోంచి వైరు లాగండి. మళ్లీ చట్రం జోలికి వెళ్లారో, ఊరుకోను.

అన్నట్టు, పట్టీ అంటించాక మీరు వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోవడం కూడా కెమెరాలో పడింది. రెండుసార్లు చూశాను. అప్పుడు మాత్రం కోపం రాలేదు, నవ్వొచ్చింది. నా ఒళ్లు మండుతున్నదీ అందుకే.