నాయన కారు, నా అబద్ధం

జులై 7, సోమవారం

సెలవు చీటీ ఇచ్చాను. నాయన సంవత్సరీకానికి ఇంకా పదమూడు రోజులు. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి చూశాడు... "మళ్ళీ సెలవా మేడం?" పోయిన ఏడాది నాయన పోయినప్పుడు పెట్టాను, మళ్ళీ ఇప్పుడే. పైకి అనే ఓపిక కూడా లేదు.

జులై 9

షామియానా అతను వాకిలి చూసి పెదవి విరిచాడు. "ఈ అంబాసిడర్ ఈడుంటే గుంజలు యాడ నాటేది? తీసేయండి." తీసేయాలట. ఏడాదిగా టార్పాలిన్ కప్పుకుని కదలకుండా ఉంది. నాయన తప్ప ఎవరూ దాని స్టీరింగు పట్టుకోలేదు. కడిగేది ఆయనే, తుడిచేది ఆయనే, అదీ తన సొంత తువ్వాలుతో. ఆదివారం ఏ పనీ లేకపోయినా చిత్తూరు దాకా వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. నేను డోరు గట్టిగా వేస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

జులై 10

ఇంటికొచ్చినవాళ్ళందరికీ అమ్మ ఒకటే చెబుతోంది. "ఆస్పత్రిలో ఉన్నన్ని దినాలూ నా కూతురే బండి స్టార్ట్ చేసింది. ఆయనకదే నిమ్మళం."

చెయ్యలేదు. ఒక్కరోజు కూడా చెయ్యలేదు. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

జులై 11

రాసేస్తే తేలికవుతుందేమో. ఆస్పత్రిలో చేర్చిన మర్నాడు తాళం నా చేతిలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి. "పొద్దున్నే పది నిమిషాలు ఆన్ చేసి పెట్టు పాపా. లేకుంటే మొరాయిస్తాది."

ఐదింటికి లేవడం, వంట, క్యారియర్ పట్టుకుని ఆస్పత్రి, అక్కడే ఉన్న అమ్మకు టిఫిను, ఆటో, ఆఫీసు, సాయంత్రం మళ్ళీ ఆస్పత్రి... కారు గుర్తొచ్చేదే కాదు. గుర్తొచ్చినా రేపు చూద్దాంలే అనుకునేదాన్ని.

రోజూ అడిగేవాడు. "స్టార్ట్ చేసినావా?"

"చేసినా నాయనా. తిప్పంగానే స్టార్ట్ అయిపోయింది."

"అట్నా" అని నవ్వేవాడు.

పందొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు అడగడానికి ఆయన లేడు.

జులై 13, ఆదివారం

మెకానిక్ భాయ్ వచ్చాడు. నాయనకు పాత స్నేహితుడు. కొత్త బ్యాటరీ పెట్టాడు, పెట్రోలు పోశాడు, బానెట్ ఎత్తి ఇంజను పక్కన చిన్న మీట పట్టుకుని పది పన్నెండు సార్లు పైకీ కిందికీ ఆడించాడు. తర్వాతే తాళం తిప్పాడు.

"అదేంది భాయ్?"

"పెట్రోలు పంపు పోయిండాది గదమ్మా. రాత్రికి పెట్రోలంతా కిందికి దిగిపోతాది. పొద్దున ఇట్ల చేత్తో కొట్టాల. కొట్టకుంటే నువ్వు సాయంత్రం దాకా తిప్పినా స్టార్ట్ కాదు. రెండేండ్ల నించి ఇంతే. మారుస్తా సార్ అంటే, నాకు అలవాటైపోయిందిలే అనినాడు."

కారు పెరట్లోకి తీసుకెళ్ళి పెట్టాడు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

జులై 14

మీట సంగతి నాయన నాకు చెప్పలేదు. మర్చిపోయాడేమో... కాదు. స్టార్ట్ కాలేదు నాయనా అని నేనొచ్చి అడుగుతానని చూసి ఉంటాడు. నేనేమో మొదటిరోజే తిప్పంగానే అయిందన్నాను.

అంటే ఆయనకు మొదటిరోజే తెలుసు. మరి రోజూ ఎందుకు అడిగినట్టు? ఎందుకు నవ్వినట్టు? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జులై 16

ఆఫీసులో ఒకరి ఉత్తరం ఇంకొకరి ఫైల్లో పెట్టాను. తిట్లు. తలనొప్పి.

జులై 20

సంవత్సరీకం అయింది. చిన్నాయన కొడుకు కార్యం చేశాడు. భోజనాల దగ్గర అమ్మ మళ్ళీ అదే మాట, నా వీపు నిమురుతూ... లేచి వడ్డనకు వెళ్ళిపోయాను. కాళ్ళు పీకుతున్నాయి.

జులై 21

అమ్మకు చెప్పేశాను. వంటింట్లో చింతపండు పిసుకుతోంది.

"అమ్మా, నేను బండి ఒక్క దినమూ స్టార్ట్ చెయ్యలేదు. నాయనకు తెలుసు. ఆ పెట్రోలు పంపు చేత్తో కొట్టకుంటే అది..." మాట సాగలేదు. ఈ వయసులో వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ చెయ్యి కాసేపు ఆగింది. మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది.

"ఆ పంపా? ఆస్పత్రికి పోయేదానికి ముందే దాన్ని బాగుచేయించినాడు గదా మీ నాయన. తిప్పంగానే స్టార్ట్ అవతా ఉండె. ఆయనకేం తెలుస్తాది? పో, మొగం కడుక్కో."

అమ్మకు బానెట్ ముందుంటుందో వెనకుంటుందో తెలియదు. పంపు అన్న మాట ఇప్పుడే నా నోట విన్నది.

ఎవరు బాగుచేశారమ్మా అని అడగబోయాను. అడగలేదు. వెళ్ళి మొహం కడుక్కున్నాను.