నలభై మీటర్ల పొగగొట్టం గల ఇస్త్రీ బల్ల

గాలి కాలుష్య నివారణ శాఖ ప్రాంతీయ అధికారి గారికి, మూడో అడ్డవీధి మలుపులో ఇస్త్రీ బల్ల పెట్టుకున్నవాడు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నాకు లేని పొగగొట్టాన్ని ఏడు రోజుల్లో ఆపవలెనని తమరు పంపిన నోటీసు గురించి.

సదరు నోటీసు సోమవారం అందినది. అందిన వెంటనే బయటికి వచ్చి మా రేకుల కప్పు మీదికి చూసితిని. పొగగొట్టము కనిపించలేదు. మా ఆవిడను కూడా చూడమంటిని. ఆమెకూ కనిపించలేదు. ఇద్దరికీ కళ్లజోళ్లు ఉన్నవని మనవి.

1. రాష్ట్ర ప్రభుత్వం వారు కొత్త గాలి విధానం తెచ్చి, పొగ వదిలే ప్రతివారినీ తనిఖీ చేయించుట మిక్కిలి సంతోషకరము. పురపాలక సంఘం వారు దానిని వీధి వీధికీ అమలు చేయుట మరింత సంతోషకరము. ఆ ప్రకారం తమ ఇన్‌స్పెక్టరు గారు ఒకే పూట రెండు చోట్ల తనిఖీ చేసిరి. ఒకటి నా ఇస్త్రీ బల్ల, రెండోది మా గది వెనుక గోడకు అవతల ఉన్న అద్దకం ఫ్యాక్టరీ. రెండు ఫారాలూ నా బల్ల మీదే పెట్టుకుని నింపిరి. ఆ తొందరలో దాని వివరాలు దీనిలో, దీనివి దానిలో పడినవి. ఇందులో నా తప్పు కూడా కొంత కలదు. వారి చొక్కా కాలరు అరుగుతున్నదని మాటల్లో పెట్టినది నేనే.

2. తత్ఫలితంగా తమ రికార్డులో నేను భారీ పరిశ్రమను. నలభై మీటర్ల పొగగొట్టం, రెండు బాయిలర్లు, మూడు షిఫ్టులు. మూడు షిఫ్టుల పనీ నేనూ మా ఆవిడే చేస్తున్నాము గనుక అది మాత్రం నిజమే. పొగగొట్టానికి జల్లెడ బిగించేదాకా దాన్ని ఆపివేయవలెననీ, చుట్టూ రెండెకరాల్లో చెట్లు నాటవలెననీ, లేనిచో సీలు వేయబడుననీ ఆజ్ఞ. బల్ల పక్కన డబ్బాలో ఒక మొక్క నాటితిని. మిగతా రెండెకరాలకు తమరే చోటు చూపించగలరు.

3. ఫ్యాక్టరీ వారికేమో, బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాడే చిరువ్యాపారి అని సలహా పత్రం వెళ్లినది. పని అయ్యాక బొగ్గుల మీద నీళ్లు చల్లవలెనని అందులో ఉన్నది. వారు తు.చ. తప్పకుండా గేటు దగ్గర ఒక బకెట్టు నీళ్లు పెట్టిరి. అందుకు తమరు మెచ్చుకోలు పత్రం ఇచ్చితిరి. వారు దానికి అద్దం కట్టించి గేటుకు తగిలించిరి. పోతూ వస్తూ రోజూ చదువుతున్నాను. కడుపు మండుతున్నది. ఈ మంటకు కూడా నోటీసు ఇచ్చెదరేమో తెలియదు.

4. ఫ్యాక్టరీ నుండి వచ్చునది ఆవిరి అని ఫారంలో ఉన్నది. అయ్యా, నేను ముప్పై ఏళ్లుగా ఆవిరితో బతుకుతున్నవాణ్ణి. ఆవిరి తగిలితే బట్ట ముడత పోతుంది. అది తగిలితే బట్టే పోతుంది. తెల్ల చొక్కా ఆరేసి గంట ఆగి చూస్తే ఒళ్లంతా మసి చుక్కలు. బట్టను మళ్లీ ఉతుకుతాం, సరే. మా ఆవిడ ఊపిరితిత్తులను ఎక్కడ ఉతికేది? రెండేళ్లుగా ఏ మాట మొదలుపెట్టినా సగంలో దగ్గు అందుకుంటుంది. డాక్టరు గారు చీటీ చేతికిస్తూ, “మందులు రాయగలను గానీ గాలి రాయలేను కదయ్యా” అన్నారు. ఈ పేరా తమ ఫారంలో ఏ గడిలోకి వస్తుందో నాకు తెలియదు. ఎక్కడో ఒకచోట పెట్టండి.

5. తప్పు దిద్దించుకుందామని తమ కార్యాలయానికి చెప్పులరిగేలా తిరిగితిని. గుమస్తా గారు మంచివారు, కూర్చోమన్నారు. “తప్పు మాదే, కాదనను. కానీ రికార్డులో పొగగొట్టం మీ పేరు మీద ఉంది. ముందు దాన్ని ఆపండి. ఆపినట్టు కాగితం తెండి. అప్పుడు లేదని రాసుకుంటాం” అన్నారు. లేనిదాన్ని ఎలా ఆపేదని అడిగితిని. “ఉన్నచోటికెళ్లి ఆపండి” అని భోజనానికి లేచిరి.

కావున తమరు దయయుంచి, గడువు దాటి నా బల్లకు సీలు పడకముందే రికార్డు సరిచేయించి, ఎవరి పొగను వారికి ఇప్పించవలసినదిగా ప్రార్థన. ఈలోగా, గుమస్తా గారి సలహా మేరకు, రేపు ఉదయం ఫ్యాక్టరీకి వెళ్లి నా పొగగొట్టాన్ని ఆపి రాగలవాడను. ఇదంతా తీరిక చేసుకుని, వీలైతే కిటికీ తెరిచి పెట్టుకుని, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ రికార్డు ప్రకారం భారీ పరిశ్రమ,
బల్ల ప్రకారం ఇస్త్రీవాడు,
తమ విధేయుడు.

తా.క. అర్జీ పోస్టు చెయ్యకముందే వెళ్లొచ్చాను. మేనేజరు ఇంకా రాలేదు. బాయిలర్ మేస్త్రీ నోటీసు అటూ ఇటూ తిప్పి చూశాడు. “సీలుంది. గొట్టం కొలత సరిపోయింది. ఆపమని రాసుంది. పేరు ఎవరిదైతే నాకేం” అని ఆపేశాడు.

మధ్యాహ్నానికి పొగ పూర్తిగా పోయింది. జరిగింది చెప్పగానే మా ఆవిడ తిట్లు అందుకుంది. ఉన్న బల్లకే దిక్కు లేదు, ఊళ్లోవాళ్ల ఫ్యాక్టరీ మూయించి వస్తావా అని మొదలుపెట్టి, మా అమ్మ దగ్గర్నుంచి మా తమ్ముడి దాకా ఎవర్నీ వదలకుండా, ఆఖరి మాట దాకా తిట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆవిడ తిట్టు పూర్తిగా విని రెండేళ్లయిందండీ. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మేనేజరు వచ్చి బాయిలర్ మళ్లీ వెలిగించాడు.

కాబట్టి పైన రాసిందంతా కొట్టేయండి. ఆ తప్పు దిద్దొద్దు. ఆ పొగగొట్టం నాదే. నా పేరు మీదే ఇంకో నోటీసు పంపించండి, ఈసారి సీలు కాస్త పెద్దది వేయించండి.