ఎడమ సగం

10 ఫిబ్రవరి 1986, సోమవారం

విద్యాశాఖకూ, పెదకాకాని హైస్కూలు ఎనిమిదో తరగతి బి సెక్షన్ బాలబాలికలకూ, నావల్ల నష్టపోయిన, పోబోయే సమస్త మహాజనులకూ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మనస్ఫూర్తిగా మాత్రం కాదు.

నేను పాఠం చెబుతూ బోర్డు ఎడమ సగం ఖాళీగా వదిలేస్తున్నానట. ఆ జాగా ప్రభుత్వం కోసం అట్టేపెట్టానన్నాను. హెడ్‌మాస్టరు జానకిరామయ్యగారు నవ్వలేదు. మెదడు సరిగా ఉందని సర్టిఫికెట్ తెస్తేనే క్లాసులోకి రానిస్తారట, లేకపోతే ఉద్యోగం ఊడినట్టే. అంతా నవంబర్లో పత్తి లారీ నా స్కూటర్‌ను ముద్దాడినప్పటి నుంచేనట. కంచంలో ఎడమవైపు వేసిన గోంగూర కూడా నాకు కనపడదని అమ్మ సాక్ష్యం. కళ్ళ డాక్టరేమో కళ్ళు భేషన్నాడు.

11, మంగళవారం

లెక్కల మాస్టారు సుభానీ గుంటూరు ఆసుపత్రికెళ్ళి కనుక్కొచ్చాడు. సూదులుండవు, కరెంటు పెట్టరు. మూడు గంటలు ప్రశ్నలు, బొమ్మలు, చెక్కముక్కలు. బాగా నిద్రపోయి, టిఫిన్ తిని రావాలి. ప్రిపేరవకూడదట. గుంటూరు ట్యుటోరియల్స్‌లో పెరిగినవాడికి ఎంత అవమానం!

12, బుధవారం, సాయంత్రం

సైకాలజిస్టు ఏస్తేరు మేడమ్. అంకెలు చెప్పి, వెనకనుంచి అప్పజెప్పమన్నారు. నిమిషంలో ఎన్ని జంతువులు చెప్పగలనో చూశారు. గేదె, మేక, జానకిరామయ్యగారు అన్నాను. నవ్వకుండా రాసుకున్నారు. ఇంటి బొమ్మున్న కార్డు కాసేపు చూపించి, బోర్లించి, గుర్తున్నట్టు గీయమన్నారు. ఈలోగా ఫోనొస్తే బయటికెళ్ళారు. తిరిగొచ్చి నా బొమ్మ ఫైల్లో పెట్టుకున్నారు.

చివర్లో, ముందు ఎలా ఉండేవాడని అమ్మనడిగారు.

"అసలు మాట్లాడేవాడే కాదండీ. ఈ వేళాకోళాలన్నీ పడ్డాక వచ్చినవే."

అదీ రాసుకున్నారు.

13

అయితే ఈ డైరీలో జోకులు కూడా లారీవేనా?

19, బుధవారం

రిజల్ట్స్. నేను గీసిన ఇంటికి ఎడమ గోడ లేదు, ఎడమ కిటికీ లేదు. ఉన్న సగం చక్కగా ఉంది.

మేడమ్ మెల్లగా విడమరిచి చెప్పారు. గుర్తుంచుకుని గీసింది కాబట్టి ఒట్టి మరుపే కావచ్చట. మరుపైతే సాధన చేయించి సర్టిఫికెట్ ఇస్తారు. బొమ్మ ఎదురుగా ఉండగా కూడా సగం వదిలేస్తే మాత్రం బోర్డు సంగతి మర్చిపోవాలట. వచ్చే బుధవారం చూసి గీయిస్తారు.

చూసి గీయడానికేముందని అమ్మ మొహం విప్పారింది. బస్టాండులో జిలేబీ కొనిపెట్టింది. ఇంకో వారం ఆగమని హెడ్‌మాస్టర్ని సుభానీ బతిమాలాడట.

"ఒరేయ్, చూసి రాసే పరీక్షరా," అన్నాడు నా వీపు తట్టి. "డిగ్రీ అంతా మనం చేసిందేగా."

20

నేను నిజంగా చేసిన తప్పు ఒక్కటే. మేడమ్ ఫోనుకెళ్ళినప్పుడు కార్డు తిరగేసి, ఎదురుగా పెట్టుకుని, చూసే గీశాను.

మొత్తం గీశాననుకున్నాను.