కాలని పరుపులు

ఉప్పుగూడ స్టేషను వెనక గల్లీలో దూది ఏకి పరుపులు కుట్టే గులాం రసూల్ అనే నేను, అరవై రెండేళ్ల వయసులో, ఊపిరి చాలకపోయినా మతి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా.

1. దుకాణం, కుట్టు సామాను నా తమ్ముడు నజీర్‌కు చెందాలి. పదకొండేళ్లుగా వాడితో మాటల్లేవు. స్టేషను పక్క షెడ్డులో గనుల నుంచి వచ్చిన రాతినార, ఇంగ్లీషులో ఆస్బెస్టాస్ అనేది, దంచేవారు. చిరిగిన గోనెల్లోంచి రాలిన తెల్లటి పీచు ఊరికే దొరుకుతుంటే దూదిలో కలిపి ఏకాను. రాయిని ఏకొద్దని నజీర్ అన్నాడు. నా పనికే వంక పెడతాడా అని గెంటేశాను. తప్పు నాదే.

2. దూది ఏకే నా విల్లు ఎవరికీ ఇవ్వకూడదు. గోడకు తగిలించి ఏడాదైంది. గాలి లేని పూట కూడా దాని నుంచి సన్నటి పొడి రాలుతోంది. పాతిపెట్టాలి.

3. పొరుగింటి రాజమణికి నా ఇత్తడి బిందె, రెండు మేకలు, నా క్షమాపణ. షెడ్డులో దంచినవాళ్లు ఒక్కొక్కరే దగ్గి దగ్గి పోయారు. ఏనాడూ షెడ్డు గడప తొక్కని ఆమె భర్త మైసయ్య కూడా అలాగే పోయాడు. వాళ్ల ఆచారం ప్రకారం, నేను కుట్టిచ్చిన అతని పరుపు తగలబెట్టారు. గుడ్డ కాలింది, దూది కాలింది. బూడిదలో తెల్లటి పీచు మాత్రం, మైసయ్య పడుకున్నట్టే, భుజం గుంట, తుంటి గుంటతో సహా మిగిలింది. "గిది కాలుతలేదేంది భాయ్?" అని రాజమణి నన్నే అడిగింది. తెలిసీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆమె ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటున్నాను.

4. నేను కుట్టిన పరుపులన్నీ, మా గల్లీలో పాలు పోసే దుర్గయ్య ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి, తడిపి, లోతుగా పూడ్చాలి. దులపకూడదు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత అతనిదే.

5. మొఘల్‌పురాలో ఉన్న నా కూతురు జాహెదా పెళ్లికి కుట్టిన పరుపులో ఆ పీచు అన్నిటికంటే ఎక్కువ. మెత్తగా ఉంటుందని నా చేతులతో నేనే ఎక్కువ వేశాను. ఇప్పుడు దానిమీద చంటిబిడ్డ. రెండుసార్లు వెళ్లి, చాయ్ తాగి, చెప్పడానికి నోరు రాక తిరిగొచ్చాను. మిగతావన్నీ నేను పోయాక జరగొచ్చు. ఈ ఒక్కటి ఈ రోజే జరగాలి. దుర్గయ్య ఈ కాగితం ఆమెకు చదివి వినిపించి పరుపు తేవాలి. ఆ పసిదాని ఊపిరి నిలబడితే చాలు, నాకింకేమీ వద్దు.

ఫసలీ 1352 (ఇంగ్లీషు 1942), బహ్మన్ నెల 9.
గులాం రసూల్ (వేలిముద్ర)
సాక్షులు: అంజన్ (స్టేషను హమాలీ), మొగులయ్య (దర్జీ).

అదే సాయంత్రం జాహెదా చెప్పగా దుర్గయ్య రాసినది:

బాపూ, అంతా విన్న. పరుపు లేదు. నీ చేతి దూది మస్తు మెత్తగుంటదని, మొన్న చలి పెట్టంగనే విప్పి, మా గల్లీల పసిపిల్లలందరికి బొంతలు కుట్టిచ్చిన. పద్నాలుగు.