ఖర్చు పెట్టించని కారు

తమ్ముడికి, అక్క రాస్తున్నది.

నా పాత కారు కొనుక్కుంటానన్నావు, నెలకు ఎంత ఖర్చవుతుందని అడిగావు. ఏడాదిగా పెట్రోలు తప్ప వేరే ఖర్చే లేదు. సర్వీసింగుకు తీసుకెళ్తే మెకానిక్, "ఆయిల్ ఈమధ్యే మార్చినట్టున్నారు మేడం" అన్నాడు. నేను మార్పించలేదు. పైగా రోజూ పొద్దున డ్రైవరు సీటు ముందుకు జరిగి ఉండేది. నా మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి.

ఉండబట్టలేక, నాకు కారు అమ్మిన పెద్దాయనకు ఫోన్ చేశాను. అది ఆయన భార్య నడిపిన కారు; ఆవిడ చనిపోయాక నాకు అమ్మారు. సీటు సంగతి చెప్పాను. "మా ఆవిడ పొట్టిదమ్మా" అన్నారు.

నిన్న ఇంటికే వచ్చి కారు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. కాదనలేకపోయాను.

"నడిపేదెవరండీ?" అని అడిగాను.

"నాకు రాదమ్మా. నేనెప్పుడూ పక్కనే కూర్చునేవాణ్ణి" అంటూ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.

తాళంచెవి, కాగితాలు తేవడానికి లోపలికి వెళ్లాను. బయటికి వచ్చేసరికి కారు మెల్లగా వీధి మలుపు తిరుగుతోంది. ఆయన పక్కకు తిరిగి ఏదో చెబుతూ నవ్వుతున్నారు.

నువ్వు వేరే కారు చూసుకో. ఈ కాగితాలు ఎవరి పేరుకు మార్పించాలో మాత్రం నాకు తోచడం లేదు.

అక్క