మొదటి సంతకం నాదే

కల్లువయల్ చర్చి పరిధికి చెందిన కీర్తిశేషులు ఉలహన్నాన్ గారి భార్య మరియక్కుట్టి అనే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నాకు తుంటి విరిగింది గానీ మతి విరగలేదు. అనుమానమున్నవారు పన్నెండుమంది అపొస్తలుల పేర్లు నన్ను అడగవచ్చు. మా అబ్బాయికి తొమ్మిది దాటి రావు. ఇంతకుముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

1. మూడెకరాల రబ్బరు తోట నా కుమారుడు స్కరియాకు దఖలు పరుస్తున్నాను. వాడు చర్చి కమిటీ పెద్ద. "ఫిలో మా లెక్కలో చచ్చిపోయింది" అని తోడబుట్టినదాని గురించి ఊరంతా చెప్పుకొచ్చాడు. ఫిలో నర్సు. ఆ చచ్చినదాని చేతనే నెలనెలా చక్కెర పరీక్ష చేయించుకుంటాడు.

2. నా శాలువా మా చర్చి తల్లుల సంఘానికి చెందవలెను. ఆ సంఘానికి అధ్యక్షురాలిగా ఇరవై రెండేళ్ళు పెళ్ళికాబోయే పిల్లలకు తరగతులు చెప్పాను. పెళ్ళంటే ఇద్దరు ఒక్కటి కావడమన్నాను. పనసచెట్టు కొట్టించానని అలిగి నా భర్త నాతో పందొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. "కూరలో ఉప్పు లేదని చెప్పవే" అని పిల్లితో అనేవారు. ఆ మౌనం మధ్యలోనే బిషప్పుగారు మమ్మల్ని ఆదర్శ దంపతులని మెచ్చి ఈ శాలువా కప్పారు.

3. ఈ నిబంధనలో ఇవ్వడానికి ఏమీ లేదు, ఒప్పుకోవడానికి ఉంది. నా కూతురు ఫిలో, ఆటో నడిపే రోస్లీ, ఇద్దరు ఆడవాళ్ళూ పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో కాపురముంటున్నారు. వాళ్ళను చర్చి పాటల బృందంలోంచి తీసేయాలని నాలుగేళ్ళ కిందట స్కరియా అర్జీ తెచ్చాడు. "అధ్యక్షురాలివి, ముందు నువ్వు సంతకం పెట్టమ్మచ్చీ. తక్కినవాళ్ళు గొర్రెల్లా వస్తారు" అన్నాడు. పెట్టాను. నా వెనుక నూట నలభై గొర్రెలు వచ్చాయి.

కిందటేడు స్నానాలగదిలో జారిపడ్డాను. ఆస్పత్రి నుంచి పంపించేరోజున కోడలు వెరోనిక్క ఫోను చేసి, "మీకోసం తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టాం, బెంగపడకండి" అంది. రోస్లీ ప్రార్థనేమీ పెట్టలేదు. నన్ను చేతులమీద ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి, వాళ్ళ అద్దె ఇంటికి తీసుకుపోయింది. అయిదు నెలలు నాకు నీళ్ళు పోసింది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "ఆ అర్జీమీద మొదటి సంతకం ఎవరిదో తెలుసా?"

"తెలుసమ్మచ్చీ. కళ్ళు మూసుకోండి, సబ్బు పడుతుంది" అంది.

మూసుకున్నాను. సబ్బు పడకుండానే మండాయి.

4. నా ఇల్లు, దాని చుట్టూ ఉన్న నలభై సెంట్ల నేల ఫిలోకు సర్వహక్కులతో చెందవలెను. సిలువ గుర్తున్న నా మంగళసూత్రం కూడా ఆమెదే. దాన్ని ఎవరి మెడలో వేస్తుందో నేను రాయను. రాస్తే ఫాదర్‌గారు బిషప్పుగారికి జాబు రాయవలసి వస్తుంది.

5. మా ఫాదర్ కురియాక్కోస్ గారికి నా భూతద్దం ఇస్తున్నాను. "ఆ పిల్లల్ని ప్రేమించాలమ్మచ్చీ, ఆ సంబంధాన్ని మాత్రం ఒప్పుకోకూడదు. చర్చి బోధ మారదు" అని నాతో చెప్పారు. చెబుతూ రోస్లీ వండిన చేపలపులుసు మూడోసారి వడ్డించుకున్నారు. నేనూ ఆ బోధలోనే పెరిగినదాన్ని. ఇది పాపమో కాదో తేల్చే చదువు నాకు లేదు. కానీ తీర్పునాడు ప్రభువు అడుగుతానన్నవి ఆకలి, దాహం, రోగం, చెర. ఆ జాబితాలో ఈ ప్రశ్న నాకు కనబడలేదు. చిన్న అక్షరాల్లో ఉందేమో, ఫాదర్‌గారు అద్దం పెట్టి చూడగలరు.

6. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు కురువిల గారిది. ఆయన దీన్ని రాసి ముగించేసరికి ఇద్దరు సాక్షులు కావలసినచోట పాలుపోసే దామోదరన్ ఒక్కడే ఉన్నాడు. అప్పుడే రోస్లీ టీ తెచ్చింది. "రెండో సాక్షి సంతకం ఈమె చేత పెట్టిద్దాం. ఫిలోకు చట్టప్రకారం ఈమె ఏమీ కాదు కదా" అన్నారు వకీలుగారు.

"ఆస్తి పుచ్చుకునేవాళ్ళ భర్తగానీ భార్యగానీ సాక్షి సంతకం చేస్తే ఆ ఇచ్చినది చెల్లదని ఇందాక మీరే కదండీ చదివారు? ఈమె చెయ్యకూడదు. పక్కింటి ఏలిశ్వాను పిలవండి" అన్నాను.

వకీలుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రోస్లీ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ మాట కూడా వీలునామాలో రాయమన్నాను. రాశారు.

కల్లువయల్, 2023 ఆగస్టు 22.

(సంతకం) మరియక్కుట్టి ఉలహన్నాన్

సాక్షులు:
దామోదరన్, పాల వ్యాపారం
ఏలిశ్వా, కుట్టుపని, పక్కిల్లు